నల్లరేగడి స్థలంలో పాత ఇంటి వెనక రెండో ఇల్లు: పునాదికి ముందు స్థలాన్ని ఎలా సిద్ధం చేయాలి?

పెరటిగడప (ప్రశ్న)

స్థలం నరసరావుపేటలో, 10 సెంట్లు. వెడల్పు 44 అడుగులు, లోతు 99 అడుగులు, తూర్పు రోడ్డు. ముందు భాగంలో 30×42 పాత ఇల్లు ఉంది. గోడల మీద స్లాబు వేసిన ఇల్లే, పిల్లర్లు లేవు. పునాది 4 అడుగుల లోతు. దానికి అటూ ఇటూ 7 అడుగుల సందు, వెనక 47 అడుగుల పెరడు. పెరట్లో 28×34 కొలతలతో ఇంకో ఇల్లు కట్టాలి. ఇప్పటికి గ్రౌండ్ ఫ్లోరే, తర్వాత పైన ఒక అంతస్తు వేసే వీలుండాలి.

చిక్కులు ఇవీ:

నేల నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు పడుతుంది.

ఉత్తరం ప్రహరీ దగ్గర ఎండిపోయిన వరల బావి ఉంది. వ్యాసం 5 అడుగులు, లోతు 28. దాని మధ్య బిందువు ప్రహరీకి 7 అడుగుల దూరం. ఇంటిని సరిగ్గా మధ్యలో పెడితే ఉత్తరపు గోడ బావి మీదికే వస్తుంది.

పాత సెప్టిక్ ట్యాంకు పాత ఇంటి వెనక గోడకు 4 అడుగుల దూరంలో ఉంది, కొత్త ఇంటికి అడ్డమే.

పెద్ద వేపచెట్టు పోయిన నెల కొట్టించాం, మోడు ఇంకా ఉంది.

సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేయడంతో పెరడు ఇప్పుడు రోడ్డు మధ్య మట్టానికి అడుగున్నర పల్లంలో ఉంది. వీధి కాలువ అడుగుభాగం రోడ్డు కంటే 2 అడుగుల లోతు. భూగర్భ డ్రైనేజీ లేదు.

పెరడంతా అడుగున్నర మెరక తోలించి, ఆరడుగుల గోతులు తీసి, అడుగున ఇసుక పోసి ఫుటింగులు (పిల్లర్ల కింద వెడల్పు కాంక్రీటు దిమ్మలు) వేద్దామని మేస్త్రీ గారు అంటున్నారు. ఇది సరైనదేనా? ఏ పని ముందు, ఏ పని తర్వాత?

---

రేగడి_పునాది

ఇసుక మాట పక్కన పెట్టండి, ముందు మట్టి పరీక్ష. ఇంటి ఎదురెదురు మూలల్లో రెండు బోర్లు, ఒక్కొక్కటి 6 మీటర్లు. ఏ లోతులో ఏ మట్టి ఉంది, ఎంత బరువు ఆపుతుంది, తడిస్తే ఎంత ఒత్తిడితో పొంగుతుంది, ఈ మూడూ రిపోర్టులో ఉండాలి. పొంగు ఒత్తిడి చాలామంది రాయించుకోరు. రేగడిలో దాన్ని వదిలేస్తే రిపోర్టు సగమే.

అది వచ్చేలోపు ఇంట్లోనే ఒక అంచనా తెలుసుకోవచ్చు. 3 అడుగుల లోతు మట్టి ఎండబెట్టి, నూరి, సన్నని జల్లెడ పట్టండి. పది పది గ్రాములు తూచి రెండు 100 మిల్లీలీటర్ల కొలజాడీల్లో పోయండి. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో కిరోసిన్ నింపి, గాలి బుడగలు పోయేలా కలిపి, 24 గంటలు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి పొంగదు, నీళ్లలో పొంగుతుంది. రెండు మట్టాల తేడాను కిరోసిన్ మట్టంతో భాగించి నూరుతో గుణించండి. 50 లోపు వస్తే పొంగు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 దాటితే ఎక్కువ.

ఇక ఇసుక. బిగుతైన రేగడి మధ్య గోయి తీసి ఇసుక పోస్తే అది నీళ్ల తొట్టి అవుతుంది. చుట్టుపక్కల వాన నీరంతా ఆ ఇసుకలోకి చేరి, బయటికి దారి లేక, ఫుటింగు కిందే నిలుస్తుంది. పక్కన మట్టి పొడిగా ఉండి కింద మాత్రమే తడిస్తే ఒక పిల్లరు లేస్తుంది, ఇంకొకటి లేవదు. గోడల్లో ఏటవాలు బీటలు వచ్చేది అందుకే.

ఆరడుగులు అన్న లెక్కా చాలదు. మన రేగడి నేలల్లో తడి ఆరుతూ మారే పొర దాదాపు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. పునాది దాని కిందికి పోవాలి, లేదా కింద మొరం గట్టిగా తగిలే చోటికి పోవాలి.

వేపచెట్టు సంగతి తేలిగ్గా తీసుకోకండి. చెట్టు ఇన్నేళ్లూ ఆ చుట్టుపక్కల తడినంతా పీల్చింది. ఇప్పుడు చెట్టు లేదు కాబట్టి వానలకు ఆ మట్టి తడి పుంజుకుని పైకి లేస్తుంది. మోడు, లావు వేళ్లు ఇప్పుడే తీయించండి. వేళ్లు ఉంటే కుళ్లి బోలు పడతాయి, చెదలు చేరతాయి. ఒక వానాకాలం గడిచాక పునాది మొదలుపెట్టగలిగితే మంచిది. ఆగలేకపోతే చెట్టున్న చోట ఫుటింగు ఆలోచన అసలు వద్దు.

---

మట్టపుగొట్టం

పెరడంతా అడుగున్నర మెరక వేయడం కూడా వద్దండీ. పాత ఇంటి గోడల్లోని తేమ నిరోధక పొర కంటే పైకి మట్టి లేస్తే చెమ్మ గోడలెక్కుతుంది. వాన నీరు పాత ఇంటి పునాది వైపే మళ్లుతుంది. మెరక కొత్త ఇంటి బేస్‌మెంట్ లోపలే వేయండి.

మొదట మట్టాలు. పాత ఇంటి మెట్టు మీద చెరగని గుర్తు ఒకటి పెట్టండి. ఇకపై ప్రతి ఎత్తూ ఆ గుర్తు నుంచే కొలవాలి. రోడ్డు మధ్య మట్టం, వీధి కాలువ అడుగు, పెరట్లో నాలుగు మూలలు, పాత ఇంటి గడప, అన్నీ మట్టపు గొట్టంతోనో ఆటో లెవెల్‌తోనో తీసి కాగితం మీద రాయండి.

కొత్త ఇంటి గచ్చు రోడ్డు కంటే 2 అడుగులు ఎత్తుండాలంటే, పెరటి మట్టం నుంచి మూడున్నర అడుగులు లేపాలి. రోడ్డు మళ్లీ లేస్తుందని లెక్కలోకి తీసుకుంటే ఇది దుబారా ఏమీ కాదు.

మురుగు దగ్గరే అసలు ముడి. వెనక బాత్రూమ్ నుంచి ముందు గేటు దాకా గొట్టం దూరం 80 అడుగులు అనుకోండి. 110 మిల్లీమీటర్ల గొట్టానికి 60 అడుగులకు ఒక అడుగు వాలు కావాలి, అంటే 16 అంగుళాలు దిగాలి. 160 గొట్టం వేస్తే 100కి ఒకటి చాలు, 10 అంగుళాలతో సరిపోతుంది. అందుకే సందులో 160 వేయండి. మొదటి ఛాంబరులో (గొట్టం పూడితే తీసి చూసే మూత తొట్టి) గొట్టం అడుగుభాగం పెరటి మట్టానికి 4 అంగుళాల లోతున పెట్టినా, గేటు దగ్గరికి 14 అంగుళాల లోతుకు వెళుతుంది. పెరడు రోడ్డుకు 18 అంగుళాల పల్లం కాబట్టి, అది రోడ్డుకు 32 అంగుళాల కింద. మీ కాలువ అడుగుభాగం 24 అంగుళాల కిందే. అంటే నీరు దానంతట అది కాలువలో పడదు. పైప్‌లైన్ వేశాక కాదు, ఇప్పుడే తెలుసుకోవాల్సిన లెక్క ఇది.

మార్గం ఇది: కొత్త సెప్టిక్ ట్యాంకు పాత ఇంటి ముందున్న ఖాళీలో, రెండిళ్లకూ కలిపి. పదిమంది వాడకానికి లోపలి కొలత 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, నీటి లోతు 1 మీటరు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. ఇరవై మందికి 2.3 × 1.1, నీటి లోతు 1.3. ఈ కొలతలు రెండేళ్లకోసారి పూడిక తీయిస్తారన్న లెక్కతో. ట్యాంకు నుంచి వచ్చే తేటనీటికి ఇంకుడు గుంత కావాలి. కానీ రేగడిలో పైపైన తవ్విన గుంత ఇంకదు, రెండు వానలకే నిండి పొంగుతుంది. మొరం పొర దాకా దించాలి, రెండిళ్ల పునాదులకూ, తాగునీటి బోరుకూ దూరంగా ఉండాలి. బోరుకు కనీసం 18 మీటర్లు. ఆ దూరం కుదరకపోతే చిన్న సంపు కట్టి అర హెచ్‌పీ మోటారుతో తేటనీటిని పైకి తోడి పంపాల్సిందే.

సందులో గొట్టం తక్కువ లోతున ఉంటుంది కాబట్టి దాని మీద 4 అంగుళాల కాంక్రీటు కప్పండి, లేకపోతే బండి ఎక్కితే పగులుతుంది. ప్రతి మలుపులోనూ, తిన్నగా పోయేచోట 30 అడుగులకోసారీ ఛాంబరు.

వాన నీటి విషయం కొంత తేలిక. 28×34 డాబా మీద అంగుళం వాన కురిస్తే సుమారు 2,250 లీటర్లు. అది డాబా ఎత్తు నుంచి వస్తుంది కాబట్టి, పెరట్లో వదలకుండా మూసిన గొట్టంలో సందు గుండా నేరుగా రోడ్డుకు తీసుకెళ్లవచ్చు. కొత్త ఇంటి చుట్టూ 3 అడుగుల వెడల్పున, ఇంటి నుంచి బయటికి వాలుగా గచ్చు చేయండి. రేగడిలో ఇది అలంకారం కోసం కాదు, పునాది పక్క మట్టి తడవకుండా కాపాడేది ఇదే.

---

దిమ్మిస

బావి, పాత ట్యాంకు, మెరక గురించి నేను చెబుతాను.

బావిలో ఇంటి చెత్త, పాత గోడల రాళ్లూరప్పలు పోయకండి. సందులు మిగిలి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. మనిషిని దించేముందు బ్లోయరుతో గాలి కొట్టి, గ్యాస్ మీటరు దించి చూడాలి. దీపం ఆరకపోతే మంచిదే అన్న పాత పద్ధతి ప్రాణవాయువు చాలకపోవడాన్ని మాత్రమే చెబుతుంది, విషవాయువును చెప్పదు. దిగేవాడికి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు. ఒకవేళ లోపలివాడు పడిపోతే రెండోవాడు దిగకూడదు, తాడుతోనే లాగాలి.

అడుగున బురద తీసేశాక 4 అడుగుల మేర గుండ్రాయి, పైన కంకర, ఆ మీద మొరం. ప్రతి 8 అంగుళాలకు తడిపి దిమ్మిసతో కొట్టాలి. పైకి వచ్చేటప్పుడు నేల నుంచి 5 అడుగుల దాకా వరలు పగలగొట్టి తీసేయండి. ఆపై భాగంలో గట్టిగా కొట్టిన బంకమట్టి మూత వేస్తే వాన నీరు ఆ గొట్టంలోకి దిగదు. లెక్క: 550 ఘనపుటడుగులు, అంటే అయిదున్నర యూనిట్లు. కొడితే దిగుతుంది కాబట్టి 7 యూనిట్లు తెప్పించండి.

ఎంత బాగా కొట్టినా ఆ 28 అడుగుల గుంట మీద పిల్లరు పెట్టకూడదు. ఇంటిని 3 అడుగులు దక్షిణానికి జరపండి. ఉత్తరాన 11, దక్షిణాన 5 అడుగులు మిగులుతాయి. ఉత్తరపు గోడలో పిల్లర్లు 12 అడుగుల ఎడంలో పెట్టి, బావి సరిగ్గా రెండింటి నడుమకు వచ్చేలా చూడండి. అప్పుడు పిల్లరు మధ్య నుంచి వర బయటి అంచుకు 4 అడుగులకు పైగా దూరం దొరుకుతుంది.

పాత సెప్టిక్ ట్యాంకును కొత్తది పనిలోకి వచ్చాకే మూయాలి. ఈ వరస తప్పితే పాత ఇంట్లో ఉన్నవాళ్లకు నెల రోజులు నరకం. బండితో తోడించి, సున్నం చల్లి, ట్యాంకు అడుగున ఉన్న స్లాబుకు నాలుగైదు చిల్లులు పొడిచి, మూత తీసేసి మొరంతో పొరలుగా నింపండి. కొత్త ట్యాంకు వచ్చేదాకా పాత మూత చుట్టూ డ్రమ్ములు పెట్టి తాడు కట్టండి. సామాను బండి దాని మీదికి ఎక్కితే కూలుతుంది.

బేస్‌మెంట్ మెరక: పై మట్టి అడుగు లోతు గీకి బయట పారేయాలి, వేళ్లూ చెత్తా అందులోనే ఉంటాయి. గచ్చు మందం పోగా నింపాల్సింది 4 అడుగులు. 952 చదరపుటడుగులకు 38 యూనిట్లు. కొట్టాక అంత నిలవాలంటే 48 దాకా తోలించాలి. తవ్విన రేగడిని మళ్లీ లోపల పోయనివ్వకండి. పని అయిపోతుందని రాత్రికి రాత్రి పోసేస్తారు, తర్వాత టైల్స్ లేచి కూర్చుంటాయి. 6 నుంచి 8 అంగుళాల పొరలుగా పోసి, ప్లేట్ కాంపాక్టరు యంత్రంతో కొట్టాలి. నీళ్లు నింపి వదిలేసి "అదే దిగుతుంది" అనడం మొరానికి పనికిరాదు, కింద రేగడి పొంగడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మీ సందు 7 అడుగులు. జేసీబీ ముందు బకెట్టే ఏడడుగులు దాటుతుంది, టిప్పరు మాట ఎత్తక్కర్లేదు. ట్రాక్టరు ట్రక్కు దూరినా పాత ఇంటి సన్‌షేడ్లకు తగులుతుంది. మూడు టన్నుల చిన్న ఎక్స్‌కవేటరు సుమారు 5 అడుగుల వెడల్పే, అది నడుస్తుంది. మొరం గేటు ముందు దించి చిన్న లోడరుతో లోపలికి లాగించండి. వెనక పొరుగువారి స్థలం ఖాళీగా ఉండి ఒప్పుకుంటే, 10 అడుగుల ప్రహరీ తీసి అటునుంచి తోలుకోవడం అన్నిటికంటే చవక. తిరిగి కట్టిస్తామని ముందే కాగితం రాసుకోండి.

---

పెరటిగడప

అందరికీ ధన్యవాదాలండీ. జాడీ పరీక్షలో నీళ్లలో 18, కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు, అంటే 80 శాతం. రెండు బోర్లూ వేయించాం: 9 అడుగుల దాకా రేగడి, ఆ కింద సుద్దరాళ్లు కలిసిన పసుపు మొరం. 9 అడుగులకే మొరం తగిలింది కదా, 10 అడుగుల గోతులు తీసి ఫుటింగులు వేస్తే చాలదా? మా కొత్త ఇంటి మొదటి వరస పిల్లర్లు పాత గోడకు 9 అడుగుల దూరంలో వస్తాయి.

---

రేగడి_పునాది

వెనక వరసకు కుదురుతుంది, ముందు వరసకు కుదరదు. పాత పునాది 4 అడుగుల లోతు, మీ గోయి 10. తేడా 6. పాత పునాది పక్కన దానికంటే ఒక అడుగు లోతుగా పోతే 2 అడుగులు దూరం జరగాలన్నది లెక్క. మీకు 12 అడుగులు కావాలి. 5 అడుగుల ఫుటింగులో సగం పోతే చేతిలో ఆరున్నరే ఉంది. అంత దగ్గర 10 అడుగుల గోతులు వరసగా తెరిచి, మధ్యలో ఒక వాన పడితే పాత ఇంటి వెనక గోడ కింద మట్టి గోతుల్లోకి జారుతుంది. ఒక వరస ఒకరకం, ఇంకో వరస ఇంకోరకం పునాది వేసినా కుంగుడు తేడా వస్తుంది. కాబట్టి ఇల్లు మొత్తానికీ అండర్ రీమ్డ్ పైల్స్ వేయండి. పైల్ అంటే నేలలో రంధ్రం తొలిచి కాంక్రీటు పోసే స్తంభం, ఇది కిందికి పోయాక ఉల్లిగడ్డలా ఉబ్బుతుంది.

దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ముక్కాలి స్టాండు, రంధ్రం తొలవడానికి చేతితో తిప్పే స్పైరల్ ఆగరు, కింద ఉబ్బు చెక్కే రీమరు సందులోంచి మనుషులే మోసుకెళ్తారు. రేగడిలో కనీసం 3.5 మీటర్లు దిగాలి. 300 మిల్లీమీటర్ల కాండానికి 750 ఉబ్బు. భారత ప్రమాణం ఐఎస్ 2911 పట్టిక ప్రకారం ఒక ఉబ్బున్న 300 పైల్ 16 టన్నులు, 375 అయితే 24 టన్నులు మోస్తుంది. పై అంతస్తు కలిపి మీ పిల్లరు బరువు ఎంతో స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టాక, పిల్లరుకు ఒకటా రెండా తేలుతుంది. రెండు పెడితే మధ్య నుంచి మధ్యకు ఒకటిన్నర మీటర్లు. 3.5 మీటర్లంటే పదకొండున్నర అడుగులు, ఉబ్బు మీ మొరంలోకి వస్తుంది. మొరం గట్టిగా ఉండి రీమరు తిరగకపోతే, మేస్త్రీ అక్కడే ఆపేసి కాంక్రీటు పోయకుండా ఇంజినీరును పిలవాలి. అలాంటిచోట తిన్నని పైల్‌ను మొరంలో ఎంత లోతు నాటాలో ఆయన చెప్పాలి.

మీరు దగ్గరుండి చూడాల్సింది కాంక్రీటు కొలత. కాండం ఒక్కటే 8.7 ఘనపుటడుగులు, ఉబ్బుతో కలిపి 11 దాటాలి. 9 దగ్గరే నిండిపోయిందంటే ఉబ్బు తిరగలేదు, లేదా కూలింది. ప్రతి పైల్‌కూ ఎన్ని బొచ్చెలు పోశారో నోటుబుక్కులో రాయండి. తవ్విన రోజే కాంక్రీటు పడాలి, రాత్రంతా తెరిచి ఉంచకూడదు.

మేస్త్రీలు ఎక్కువగా తప్పేది ప్లింత్ బీమ్ (పైల్స్‌ను కలుపుతూ గోడలను మోసే బీమ్) దగ్గర. బీమ్ కింద బెడ్ కాంక్రీటు వేసి నేల మీదే పోస్తారు. నేల పొంగితే పైల్ పట్టుకుని ఉంటుంది, బీమ్‌ను మాత్రం కింద నుంచి ఎత్తుతుంది. బీమ్ అడుగుకూ మట్టికీ 80 మిల్లీమీటర్లు తగ్గకుండా ఖాళీ ఉండాలి. కింద ఇసుక పరిచి బీమ్ పోసి, గట్టిపడ్డాక ఇసుక లాగేయండి. లోపలి మొరం జారకుండా ఖాళీకి పక్కన ఇటుక అడ్డు కట్టండి, కానీ ఆ ఇటుక బీమ్‌కు తగలకూడదు. బావి పక్కగా పోయే బీమ్ కూడా ఇలా వేలాడేదే కాబట్టి, బావి పూడిక కాస్త కుంగినా గోడకు బాధ లేదు.

---

దిమ్మిస

చెదల మందు మర్చిపోకండి. వేపవేళ్లున్న స్థలం. మొరం కొట్టడం పూర్తయ్యాక, గచ్చు కాంక్రీటుకు ముందు, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలిపి, చదరపు మీటరుకు 5 లీటర్లు. మీ 88 చదరపు మీటర్లకు 440 లీటర్ల ద్రావణం, అందులో మందు 925 మిల్లీలీటర్లు. గోడ, గచ్చు కలిసే అంచుల్లో చిన్న కాలువ గీసి పోయాలి. చల్లిన రోజు వాన పడితే మళ్లీ చల్లాల్సిందే. ఆ పని జరిగేటప్పుడు సంపు మూతలు, బోరు నోరు కప్పి ఉంచండి.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాంక్రీటుకు ముందు పరీక్ష చేయించండి. ఇనుము వేసే కాంక్రీటుకు క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

---

గడికొలత

ఇంటిని 3 అడుగులు జరిపితే దక్షిణాన 5 అడుగులే మిగులుతుంది. మీ స్థలం కొలతకు, ఇంటి ఎత్తుకు, రోడ్డు వెడల్పుకు కావలసిన సెట్‌బ్యాక్ (ప్రహరీకీ ఇంటికీ మధ్య వదలాల్సిన ఖాళీ) అది ఉందో లేదో ప్లాన్ గీసే ఎల్‌టీపీతో (లైసెన్సున్న సాంకేతిక నిపుణుడితో) ముందు తేల్చుకోండి, పైల్స్ గుర్తులు ఆ తర్వాతే. ఒకే స్థలంలో రెండో కట్టడం కాబట్టి పాత ఇంటి ప్లాను కాగితాలు కూడా అడుగుతారు, వెతికి పెట్టుకోండి.

రేపు అన్నదమ్ములు పంచుకునే ఆస్తి అయితే వెనక ఇంటికి దారి కాగితంలో ఉండాలి. ఏ వైపు సందు, ఎన్ని అడుగుల వెడల్పు, గేటు నుంచి ఎంత పొడవు, అందులో నీళ్ల గొట్టం, మురుగు గొట్టం, కరెంటు తీగ వేసుకుని మరమ్మతు చేసుకునే హక్కు, ఉమ్మడి సెప్టిక్ ట్యాంకు పూడిక ఖర్చు ఎవరిది, ఇవన్నీ పంపకం దస్తావేజులో రాసి రిజిస్టరు చేయించండి. మురుగు గొట్టం ఏ సందులో వేస్తారో ఆ సందే దారిగా రాయించండి. గొట్టం ఉత్తరాన, దారి హక్కు దక్షిణాన ఉంటే, గొట్టం పూడినరోజు తవ్వనివ్వకపోతే చేయగలిగింది ఉండదు.